తె-రూపం, సహాయక క్రియలు: తెలుగు మీదుగా జపనీస్ వ్యాకరణం

జపనీస్ క్రియ చివర 'తె' (కొన్ని క్రియలకు 'దె') చేరి ఏర్పడే అసమాపక రూపాన్ని తె-రూపం అంటారు. తెలుగులో 'తిని, చూసి, వెళ్లి' వంటి మాటలు చేసే పనినే ఇది చేస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) మొదలుకొని మన వ్యాకరణాలు ఈ రూపాన్ని క్త్వార్థకం అంటాయి. బడి పుస్తకాల్లో దీని పేరు భూతకాలిక అసమాపక క్రియ. తె-రూపం వెనుక షిమౌ, మిరు, ఒకు, ఇకు, కురు, ఇరు, అరు, కురెరు, మొరౌ వంటి క్రియలు సహాయక క్రియలుగా చేరతాయి. అలా చేరినప్పుడు వాటి సొంత అర్థం పలచబడుతుంది. పని పూర్తయిందా, చేజారిందా, ముందు జాగ్రత్తగా చేసిందా, ఒకరి కోసం చేసిందా అనే సంగతులను అవి చెబుతాయి. ప్రాథమిక పాఠాలు ముగించి మధ్యమ దశకు వచ్చిన విద్యార్థి ఎక్కువగా తికమకపడేది ఈ గుంపుతోనే.

ఇంటి నుంచి బయలుదేరే జపనీయులు 'ఇత్తె కిమసు' అని చెప్పి వెళ్తారు. 'ఇత్తె' అంటే వెళ్లి, 'కిమసు' అంటే వస్తాను. ఇంట్లో ఉన్నవాళ్లు 'ఇత్తెరష్షై' అని బదులిస్తారు; అంటే వెళ్లి రండి. తెలుగిళ్లలోనూ గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అంటే పెద్దలు ఒప్పుకోరు, 'వెళ్లొస్తాను' అనాలి. రెండు చోట్లా పద్ధతి ఒకటే, వ్యాకరణమూ ఒకటే: ముందు అసమాపక క్రియ, వెనుక 'వచ్చు' అనే క్రియ. ఇంగ్లీషులో దీనికి సాటి లేదు కాబట్టి, ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవారు దీన్ని మర్యాద మాటగా బట్టీపట్టాల్సి వస్తుంది. ఈ వ్యాసం ప్రతిపాదించేది ఇదే: తె-రూపపు సహాయక క్రియలను తెలుగు విద్యార్థి ఇంగ్లీషు వివరణలతో కాక, తెలుగు క్రియలతో పోల్చుకుని నేర్చుకోవడం మేలు. అయితే ఆ పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా అంతే కచ్చితంగా తెలియాలి. అది తెలియకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ.

నేపథ్యం

హైదరాబాదులో తార్నాక పక్కన, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆనుకుని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. దాన్ని అందరూ ఇఫ్లూ అంటారు. 1958లో ఇంగ్లీషు బోధన కోసమే మొదలైన ఈ సంస్థలో 1972లో జర్మన్, రష్యన్, ఫ్రెంచ్ భాషలు చేరాయి. పేరు సీఫెల్‌గా మారింది. 2007లో ఇది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇక్కడ డిగ్రీ స్థాయిలో బోధించే భాషల్లో జపనీస్ ఒకటి. పక్కనే ఉన్న ఉస్మానియాలో భద్రిరాజు కృష్ణమూర్తి భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. 1961లో తెలుగు ధాతువుల మీద పరిశోధన గ్రంథాన్ని, 1985లో జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించారు. అంటే జపనీస్ క్రియను బోధించే విద్యాలయం, తెలుగు క్రియకు శాస్త్రీయంగా రూపురేఖలు గీసిన విద్యాలయం పక్కపక్కనే ఉన్నాయి. హబ్సిగూడలోనో తార్నాకలోనో గది అద్దెకు తీసుకుని జపనీస్ చదివే విద్యార్థికి ఈ రెండు విద్యలూ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. వాటిని కలిపి చదివితే ఏం లాభమన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇప్పుడు బతుకుతెరువు కోణం కూడా తోడైంది. జపాన్ 2019 ఏప్రిల్‌లో నిర్దిష్ట నైపుణ్యాలున్న విదేశీ కార్మికుల కోసం కొత్త వీసా తెచ్చింది. దానికి సాధారణంగా జపనీస్ సామర్థ్య పరీక్షలో ఎన్4 స్థాయి గానీ, దానికి సాటి పరీక్ష గానీ కావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జపాన్‌లో నర్సింగ్, వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకు అభ్యర్థులను సిద్ధం చేస్తోంది. 1984లో మొదలైన సామర్థ్య పరీక్షకు 2010 నుంచి అయిదు స్థాయిలున్నాయి. ఎన్5 అన్నిటికన్నా సులువు, ఎన్1 కఠినం. తె-రూపపు సహాయక క్రియలు ఎక్కువగా తగిలేది ఎన్4, ఎన్3 స్థాయిల్లోనే. కాబట్టి సాహిత్యం చదవాలనుకునేవారికే కాదు, ఆస్పత్రిలో జరిగిన పొరపాటును పై అధికారికి చెప్పాల్సిన నర్సుకూ ఈ వ్యాకరణం అవసరమే.

1998లో వెలువడి, ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 'మిన్నా నొ నిహొంగొ' పాఠ్యపుస్తకంలో తె-రూపం 14వ పాఠంలో వస్తుంది. షిమౌ 29వ పాఠంలో, ఒకు 30వ పాఠంలో, మిరు 40వ పాఠంలో, 'వెళ్లొస్తాను' తరహా కురు 43వ పాఠంలో వస్తాయి. సులువు నుంచి కష్టానికి వెళ్లే ఈ క్రమం అన్ని దేశాల విద్యార్థులనూ దృష్టిలో పెట్టుకున్నది, అందులో తప్పులేదు. కానీ ఒకే యంత్రాంగానికి చెందిన భాగాలు నెలల తేడాతో, వేరువేరు ఇంగ్లీషు అనువాదాలతో ఎదురయ్యేసరికి, అవన్నీ ఒక కుటుంబమని విద్యార్థికి తట్టదు. తెలుగువారికి మాత్రం ఈ కుటుంబం పుట్టుకతో పరిచయమే.

రూపం, ఉచ్చారణ

తె-రూపాన్ని తయారుచేయడంలో తెలుగు పెద్దగా సాయం చేయదని మొదటే ఒప్పుకోవాలి. తబెరు (తిను) తబెతె అవుతుంది, అంతవరకూ తేలికే. కకు (రాయు) కైతె అవుతుంది, యొము (చదువు) యొందె అవుతుంది, కౌ (కొను) కత్తె అవుతుంది, ఇకు (వెళ్లు) ఇత్తె అవుతుంది. ఈ ధ్వని మార్పులను జపనీయులు ఒన్‌బిన్ అంటారు. చేయు 'చేసి' కావడం, పోవు 'పోయి' కావడం వంటి మార్పులు తెలుగులోనూ ఉన్నా, ఒక భాష సూత్రం రెండో భాషకు పనికిరాదు. ఈ భాగాన్ని అందరూ చేసినట్టే అభ్యాసంతో నోటికి తెచ్చుకోవాలి.

ఉచ్చారణ దగ్గర మాత్రం తెలుగు లిపి బాగా అక్కరకొస్తుంది. ఎ, ఏలకూ ఒ, ఓలకూ మనకు వేరు అక్షరాలున్నాయి. దేవనాగరిలో సాధారణంగా ఆ తేడా చూపలేరు. జపనీస్‌లో ఆ తేడా అర్థాన్నే మార్చేస్తుంది. కొకొ అంటే ఇక్కడ, కోకో అంటే ఉన్నత పాఠశాల. ద్విత్వమూ అంతే. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ల. 'గడి, గడ్డి' అనే తేడాను చిన్నప్పటి నుంచీ పలికే నాలుకకు ఇది కష్టం కాదు. రోమన్ లిపిలో చదివి పొల్లు మింగేయడం కన్నా, జపనీస్ లిపి చేతికి వచ్చేదాకా పక్కన తెలుగులో రాసుకోవడం మంచిది.

వాక్యంలో పదాల వరస కూడా అనుకూలమే. ప్రధాన క్రియ ముందు, సహాయక క్రియ వెనుక వస్తాయి. కాలం, వ్యతిరేకం, మర్యాద అన్నీ సహాయక క్రియకే తగులుతాయి. 'తబెతె షిమైమషిత' అన్నప్పుడు మర్యాద, భూతకాలం షిమౌ మీదే పడ్డాయి. 'తినేశానండి' అన్నప్పుడూ అవి 'వేయు' మీదే పడ్డాయి. తేడా ఒక్కటే: తెలుగు క్రియ చివర నేనా, నువ్వా, అతడా అన్నది తెలుస్తుంది, జపనీస్‌లో అది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే.

తె షిమౌ

విడిగా వాడినప్పుడు షిమౌ అంటే సర్ది లోపల పెట్టేయడం, ముగించడం. సహాయక క్రియగా దీనికి పాఠ్యపుస్తకాలు రెండు అర్థాలు చెబుతాయి: పని పూర్తిగా అయిపోవడం ఒకటి, జరిగినదానికి విచారం ఇంకొకటి. ఇంగ్లీషులో వీటికి వేరువేరు క్రియావిశేషణాలు వాడాలి కాబట్టి, విద్యార్థి మనసులో ఇవి రెండు వేరు సూత్రాలుగా ముద్రపడతాయి. ఏ వాక్యంలో ఏ అర్థమో తేల్చుకోవడమే ఒక పరీక్ష అవుతుంది. తెలుగులో చూస్తే ఆ గోల ఉండదు. 'యొందె షిమత్త' అంటే చదివేశాను. 'వసురెతె షిమత్త' అంటే మరిచిపోయాను. 'ఒచితె షిమత్త' అంటే పడిపోయింది. 'ఇత్తె షిమత్త' అంటే వెళ్లిపోయాడు. 'అను' అనే అర్థమున్న క్రియతో అదే ఉచ్చారణకు 'అనేశాను' అనే అర్థమూ వస్తుంది, రాతలో చిత్రాక్షరాన్ని బట్టి తేడా తెలుస్తుంది. ఈ తెలుగు మాటలన్నిటిలోనూ ఉన్న భావం ఒక్కటే: పని గీత దాటింది, ఇక వెనక్కి తీసుకోలేం. ఆ గీత దాటడం చదవాల్సిన పుస్తకం విషయంలో తృప్తినిస్తుంది, అనకూడని మాట విషయంలో బాధపెడుతుంది. విచారమన్నది షిమౌ మోసుకొచ్చే రెండో అర్థం కాదు. వెనక్కి తీసుకోలేమన్న భావానికి సందర్భం పులిమే రంగు అది.

తెలుగులో ఈ భావానికి రెండు సహాయక క్రియలున్నాయి. తలపెట్టి చేసే పనులకు ఎక్కువగా 'వేయు' (తినేశాను, రాసేశాను), తనంతట జరిగేవాటికి ఎక్కువగా 'పోవు' (కాలిపోయింది, ఎండిపోయింది) వస్తాయి. జపనీస్‌లో ఈ రెండింటి చోటా షిమౌ ఒక్కటే. కానీ చేసేదానికీ జరిగేదానికీ తేడా జపనీస్‌లో లేకపోలేదు; అది ప్రధాన క్రియలోనే ఉంటుంది. కొవసు అంటే పాడుచేయు, కొవరెరు అంటే పాడవు. 'కొవషితె షిమత్త' అంటే పాడుచేసేశాను, 'కొవరెతె షిమత్త' అంటే పాడైపోయింది. తెలుగు ఆ తేడాను రెండు చోట్ల, జపనీస్ ఒక్కచోట చూపుతుంది. రెండు నుంచి ఒకటికి రావడం ఎప్పుడూ తేలికే కాబట్టి తెలుగువారికి ఇక్కడ ఎంపిక చేసే శ్రమ లేదు. తెలుగు నేర్చుకునే జపనీయులకే ఆ శ్రమంతా. ఏ క్రియ పక్కన వేయు, ఏ క్రియ పక్కన పోవు అన్నది వాళ్లు ఒక్కొక్కటిగా తెలుసుకోవాలి.

విచారం అనే పేరు ఎంత ఇరుకైనదో చూపే వాడుకలు ఇంకా ఉన్నాయి. 'సుకి ని నత్తె షిమత్త' అని జపనీయులు ఒక మనిషి గురించో పాట గురించో అంటారు. ఇష్టం పుట్టింది, తన ప్రమేయం లేకుండానే పుట్టింది అని దాని భావం. పశ్చాత్తాపం అందులో ఉండనక్కర్లేదు. దీన్ని 'దురదృష్టవశాత్తూ ఇష్టపడ్డాను' అని అర్థం చేసుకున్నవారికి వాక్యం వింతగా కనిపిస్తుంది. తెలుగువారు ఇలాంటప్పుడు 'నచ్చేసింది' అంటారు. 'వరత్తె షిమత్త' కూడా ఇలాంటిదే: ఆపుకోలేక నవ్వేశాను. మనసు అదుపు తప్పిన క్షణాన్ని పట్టుకోవడంలో 'నచ్చేసింది', 'నవ్వేశాను', 'ఏడ్చేసింది' అనే తెలుగు మాటలు షిమౌకు ఏ విశేషణమూ అందుకోలేనంత దగ్గరగా వస్తాయి.

ముద్దయిన ఉచ్చారణలోనూ రెండు భాషలూ ఒకే దారి పట్టాయి. 'తినివేశాను' నోటిమాటలో 'తినేశాను' అయింది; 'తిని వేశాను' అని ఎవరైనా విడగొట్టి పలికితే పాత పుస్తకం చదువుతున్నట్టుంటుంది. 'తబెతె షిమత్త' కూడా నోటిమాటలో 'తబెచత్త' అవుతుంది, 'యొందె షిమత్త' 'యొంజత్త' అవుతుంది. ఇక్కడి చకారాన్ని 'చలి'లోలా కాక 'చంద్రుడు'లోలా పలకాలి. మధ్యమ దశ విద్యార్థి పుస్తకంలో షిమౌ నేర్చుకుని, సినిమాలోనో హాస్టల్ కబుర్లలోనో చత్త, జత్తలు విని ఇదేదో కొత్త క్రియ అనుకోవడం తరచూ జరిగేదే. తెలుగులో వేయు 'ఏ'గా కరిగిన సంగతి గుర్తుచేస్తే ఆ చిక్కు వెంటనే విడిపోతుంది.

పోలిక ఆగే చోట్లు

పోలిక మొదట దెబ్బతినేది బాగా దగ్గరగా కనిపించే చోటే. 'భోంచేశావా?' అని అడిగితే 'తినేశాను' అనడం తెలుగులో మామూలు జవాబు. అదే ప్రశ్నకు జపనీస్‌లో 'తబెతె షిమైమషిత' అంటే, తినకూడనిది తిన్నట్టో, మీ కోసం ఆగకుండా తినేసి తప్పు చేసినట్టో వినిపించే అవకాశం ఉంది. అక్కడ చెప్పాల్సింది 'మో తబెమషిత', అంటే 'ఇప్పటికే తిన్నాను' అని. తెలుగులో వేయు రోజువారీ మాటల్లో అరిగి తేలికపడింది. షిమౌ ఇంకా బరువుగానే ఉంది. 'వచ్చేశాను!' అని గుమ్మంలో సంతోషంగా చెప్పేవారు 'కితె షిమత్త' అనలేరు. రాకూడని చోటికి వచ్చాననో, ఉండబట్టలేక వచ్చాననో చెప్పదలిస్తేనే ఆ మాట పనికొస్తుంది. ఆజ్ఞార్థకంలోనూ ఇదే తీరు. పళ్లెంలో మిగిలింది ముగించమని తల్లి పిల్లాడితో అనే 'తినేయ్'కు 'తబెతె షిమైనసై' సరిపోతుంది. 'త్వరగా వచ్చేయ్' అనడానికి మాత్రం షిమౌ పనికిరాదు, 'సుగు కితె' అని మామూలుగా అడగాలి. ముగించడానికి ఏదైనా ఉందా అని చూసుకుంటే ఈ తేడా తేలుతుంది.

రెండో చోటు తెలుగులో గడ్డకట్టిన జంట క్రియలు. మరిచిపోవు, ఓడిపోవు, నిద్రపోవు, పారిపోవు వంటి మాటల్లో 'పోవు' ఇక సహాయక క్రియ కాదు, క్రియలో భాగమే అయిపోయింది. మాట్లాడే తెలుగులో 'మరిచాను' అని పోవు లేకుండా అనడం అరుదు. కాబట్టి ఈ క్రియల్లో పోవు కనిపించిన ప్రతిచోటా షిమౌ పెట్టకూడదు. 'మరిచిపోవద్దు' అంటే 'వసురెనైదె' అంతే. 'ఓడిపోయాం' అని వార్తలా చెబితే 'మకెత', అయ్యో అన్న భావంతో చెబితే 'మకెతె షిమత్త'. తెలుగులో స్వరం చేసే ఈ పనిని జపనీస్‌లో వ్యాకరణం చేస్తుంది. దీనికొక చిన్న పరీక్ష ఉంది: తెలుగు మాటలోంచి పోవు తీసేస్తే మాట నిలబడుతుందా? పడింది, పడిపోయింది రెండూ నిలబడతాయి కాబట్టి అక్కడ పోవు అదనపు అర్థం ఇస్తోంది, షిమౌ గురించి ఆలోచించవచ్చు. నిలబడకపోతే పోవును లెక్కలోకి తీసుకోకూడదు.

మూడోది బాధ్యతకు సంబంధించింది. చేతిలోంచి గ్లాసు జారి పగిలితే తెలుగువారు 'గ్లాసు పగిలిపోయింది' అనేస్తారు. విన్నవారూ దాన్ని తప్పుపట్టరు. జపాన్ కొలువులో 'వరెతె షిమైమషిత' (పగిలిపోయింది) అంటే గ్లాసు తనంతట పగిలినట్టు, మాట్లాడేవారు తప్పించుకుంటున్నట్టు తోచవచ్చు. తన చేతిలో జరిగినదాన్ని 'వత్తె షిమైమషిత' (పగలగొట్టేశాను) అని చెప్పి క్షమాపణ కోరడం అక్కడి మర్యాద. అయితే ఆలస్యంగా వచ్చినప్పుడు 'ఒకురెతె షిమత్తె సుమిమసెన్' అనడం 'ఆలస్యమైపోయింది, క్షమించండి' అన్నట్టే ఉంటుంది, అక్కడ చిక్కు లేదు. నర్సింగ్ కొలువుకు వెళ్లేవారికి ఈ ఒక్క తేడా పరీక్షలో మార్కుల కన్నా ఎక్కువ విలువైనది.

మిగతా సహాయక క్రియలు

తె మిరు అంటే అచ్చంగా 'చేసి చూడు'. 'తబెతె మిరు' తిని చూడటం, 'కితె మిరు' వేసుకుని చూడటం (ఇక్కడి కితె 'వేసుకుని', 'వచ్చి' కాదు). ఇంగ్లీషు మీదుగా వచ్చేవారు దీన్ని 'ప్రయత్నించు' అని నేర్చుకుంటారు, తప్పు అక్కడే మొదలవుతుంది. 'తలుపు తీయడానికి ప్రయత్నించాను, రాలేదు' అనాల్సిన చోట 'అకెతె మిత' అంటారు. కానీ ఆ మాటకు 'తీసి చూశాను' అని అర్థం, తలుపు తెరుచుకుంది. తెరుచుకోని తలుపు గురించైతే 'అకెయో తొ షిత' అనాలి, అంటే 'తీయబోయాను'. 'తీసి చూశాను'కూ 'తీయబోయాను'కూ ఉన్న తేడా తెలుగు పిల్లలకు కూడా తెలుసు. తెలుగులో ఆలోచించేవారికి ఈ పొరపాటు జరిగే వీలే లేదు.

తె ఒకు 'చేసి ఉంచు'. రేపటి ప్రయాణానికి టికెట్లు కొని ఉంచడం 'కత్తె ఒకు', గాలి కోసం కిటికీ తెరిచి ఉంచడం 'అకెతె ఒకు'. ముందస్తు ఏర్పాటు, ఉన్నదున్నట్టు వదిలేయడం అని పుస్తకాలు రెండుగా చెప్పేవి తెలుగు 'ఉంచు'లో ఒక్కటే. అయితే 'ఉంచు'కు బదులు 'పెట్టు' వాడేటప్పుడు జాగ్రత్త కావాలి. 'కూర చేసి పెట్టాను' అంటే ముందే చేసి ఉంచానని కావచ్చు, ఎవరి కోసమో చేశానని కావచ్చు. మొదటిదే ఒకు, రెండోది ఇచ్చిపుచ్చుకునే క్రియల వంతు. తె అరు 'రాసి ఉంది, మూసి ఉంది' వంటి వాక్యాలకు సాటి. 'కైతె అరు' అంటే రాసి ఉంది. ఇంగ్లీషులో ఇలాంటి చోట కర్మణి వాక్యం కావాలి. తెలుగుకూ జపనీస్‌కూ రాయడమనే మామూలు క్రియే చాలు, రాసినవారి పేరు చెప్పనక్కర్లేదు.

తె ఇరు దగ్గర తెలుగు రెండుగా చీలుతుంది. జరుగుతున్న పనికి మనం శత్రర్థకం వాడి 'చదువుతూ ఉన్నాడు' అంటాం. జరిగి నిలిచిన స్థితికి క్త్వార్థకం వాడి 'కూర్చుని ఉన్నాడు' అంటాం. జపనీస్‌లో రెండింటికీ తె ఇరు ఒక్కటే. 'యొందె ఇరు' చదువుతూ ఉండటం, 'సువత్తె ఇరు' కూర్చుని ఉండటం. అందుకే 'షిందె ఇరు' అనే మాటను ఇంగ్లీషు పద్ధతిలో చనిపోతున్నాడు అని చదివితే ఘోరమైన తప్పు. 'చనిపోయి ఉన్నాడు' అనేదే సరైన అర్థం. క్రియ కొంతసేపు సాగే పనా, ఒక్క క్షణంలో స్థితిని మార్చేదా అని అడిగితే ఏ తెలుగు రూపం సరిపోతుందో తెలిసిపోతుంది.

ఇక ఇచ్చిపుచ్చుకునే క్రియలు. తె మొరౌకు తెలుగులో చక్కని సాటి ఉంది: 'రాయించుకున్నాను', జపనీస్‌లో 'కైతె మొరత్త'. ఒకరి చేత పని చేయించుకుని మేలు పొందడం రెండింటిలోనూ ఉంది. కృతజ్ఞత జపనీస్‌లో కాస్త ఎక్కువగా పలుకుతుంది. కానీ అగెరు, కురెరుల దగ్గర తెలుగు చేతులెత్తేస్తుంది. నా వైపు నుంచి ఇతరులకు ఇస్తే అగెరు, ఇతరులు నాకో నావాళ్లకో ఇస్తే కురెరు. తెలుగులో రెండింటికీ 'ఇచ్చు' ఒక్కటే. ఈ తేడా మలయాళీలకు వింతగా ఉండదు. వాళ్లు నాకో నీకో ఇవ్వడాన్ని 'తరుక' అని, మూడో మనిషికి ఇవ్వడాన్ని 'కొడుక్కుక' అని ఇప్పటికీ వేరుగా చెబుతారు. తెలుగువారు మాత్రం కురెరును కొత్తగానే నేర్చుకోవాలి. 'మిత్రుడు చేసి పెట్టాడు' అనే వాక్యాన్ని జపనీస్‌లోకి మార్చేటప్పుడు, ఎవరికి చేసి పెట్టాడు అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం ఆచరణకు సంబంధించింది. కేంద్రీయ విశ్వవిద్యాలయపు తరగతిలో తెలుగువారితో పాటు దేశం నలుమూలల వారూ ఉంటారు. అందరికీ తెలిసిన ఇంగ్లీషులో చెప్పక తప్పదు. నిజమే, కానీ ఆ గదిలో ఉన్న చాలా భారతీయ భాషలకు ఈ యంత్రాంగం సొంతమే. పడిపోయింది అనే మాటకు హిందీలో 'గిర్ గయా' అంటారు. అక్కడా వెనుకనున్నది పోవడమే. 'కర్‌కే దేఖో' అంటే చేసి చూడు, 'లిఖ్ రఖా హై' అంటే రాసి ఉంచడం. తినేశాను అనడానికి బెంగాలీలు 'ఖేయే ఫెలేఛి' అంటారు. 'ఫేలా' అంటే పడేయడం. తమిళుల 'సాప్పిట్టు విట్టేన్'లో ఉన్నది 'విడుచు'. కాలిన్ మసికా 1976లో దక్షిణాసియా భాషల మీద వెలువరించిన గ్రంథంలో ఇలాంటి లక్షణాల హద్దులను పటాలు గీసి చూపుతూ, అవి ఉపఖండం దాటి జపాన్ దాకా పరచుకున్న తీరును చర్చించారు. అంటే మిశ్రమ తరగతి అడ్డంకి కాదు. ఎవరి భాషలో వారు సాటి మాట వెతుక్కోమంటే గదిలో ఇంగ్లీషు ఒక్కటే ఒంటరిగా మిగులుతుంది.

రెండో అభ్యంతరం మరింత బరువైనది: మాతృభాషను ఆసరా చేసుకుంటే మాతృభాష తప్పులే వస్తాయి. రాబర్ట్ లాడో 1957లో రెండు భాషలనూ పోల్చి చూస్తే విద్యార్థి ఎక్కడ తడబడతాడో ముందే చెప్పవచ్చని ప్రతిపాదించారు. తర్వాత వచ్చిన పరిశోధకులు ఆ అంచనాలు అన్నివేళలా నిజం కావని, కొన్ని తప్పులకు మాతృభాషతో సంబంధమే ఉండదని చూపారు. ఒన్‌బిన్ తప్పులు అలాంటివే. ఏ భాషవారైనా 'కైతె' బదులు 'కకితె' అనే ప్రమాదం ఉంది. కాబట్టి పోలిక అన్ని రోగాలకూ మందు కాదు. అయితే పోలికను తరగతి నుంచి వెళ్లగొట్టినంత మాత్రాన అది విద్యార్థి తలలోంచి పోదు. 'తినేశాను' అనే మాట ఉన్నవారు దాన్ని షిమౌతో ఎలాగూ జతచేసుకుంటారు. ఆ జత ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ చెడుతుందో ఎవరూ చెప్పకపోతేనే 'భోంచేశావా' అన్న ప్రశ్నకు తప్పు జవాబు వస్తుంది. పైగా ఇంగ్లీషు మీదుగా వెళ్లినా తప్పులు తప్పవు. 'అకెతె మిత' ఉదాహరణలో తప్పు ఇంగ్లీషు అనువాదం తెచ్చిపెట్టిందే.

మూడోది అభ్యంతరం కన్నా ఆశ అనాలి: ఇంత దగ్గరగా ఉన్నాయంటే రెండూ ఒకే తల్లి బిడ్డలేమో? జపాన్‌లో సుసుము ఒనొ అనే పండితుడు జపనీస్‌కూ తమిళానికీ సంబంధం ఉందని ఏళ్ల తరబడి వాదించారు. భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు. చుట్టరికం రుజువు కావాలంటే క్రమబద్ధమైన ధ్వని మార్పులతో మూల పదాలు కలవాలి. క్రియ చివర రావడం, సహాయక క్రియ వెనుక చేరడం వంటి పోలికలు చుట్టరికం లేని భాషల్లోనూ ఉంటాయి. విద్యార్థికి కావాల్సింది వంశవృక్షం కాదు కాబట్టి ఈ వాదం వీగిపోయినా పై ప్రతిపాదనకు నష్టం లేదు. ఒనొ వాదం మీద ఆధారపడి తెలుగు, జపనీస్ మాటల మధ్య ధ్వని సామ్యాలు వెతుక్కోవడం మాత్రం కాలహరణం.

బోధనలో

ఈ వాదన నిలిస్తే పాఠాల వరసలో కొన్ని మార్పులు చేసుకోవచ్చు. తె-రూపం నోటికి వచ్చిన వెంటనే మిరు, ఇకు, కురు, అరులను ఒకేసారి చెప్పవచ్చు. 'చేసి చూడు, తీసుకెళ్లు, తీసుకురా, రాసి ఉంది' అన్నవి ఉన్నవారికి అవి దాదాపు ఉచితం. తర్వాత ఒకు, ఇరులను 'ఉంచు, పెట్టు'ల తేడాతో, 'చదువుతూ, కూర్చుని'ల తేడాతో చెప్పాలి. షిమౌకు ఎక్కువ సమయం కేటాయించి, మూడు ప్రశ్నలు అలవాటు చేయాలి: పని గీత దాటిందా? తెలుగు మాటలో పోవు విడదీయగలిగేదేనా? జరిగినదానికి బాధ్యత నాదేనా? అలా మిగిల్చిన సమయాన్నంతా తెలుగు చేయూతనివ్వని రెండు చోట్ల ఖర్చుపెట్టాలి: ఒన్‌బిన్ మీద, అగెరు, కురెరుల మీద. ఇంగ్లీషు వివరణల్లో అన్ని పాఠాలూ సమానంగా కష్టమే. తెలుగు మీదుగా వెళ్లినప్పుడు ఏది నిజంగా కొత్తదో స్పష్టంగా కనిపిస్తుంది, శ్రమంతా దాని మీదే పెట్టవచ్చు.